పాత పుస్తకాల కొట్లో మన వాటా

(ఏలూరులో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను విశ్రాంతి హక్కు గురించి మాట్లాడమన్నారు. హక్కు అనగానే మనకి ఆస్తి, కూలి రేట్లు, కట్నం కేసులు గుర్తొస్తాయి. తీరిగ్గా కూర్చోవడం కూడా ఒక హక్కేనా అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండొచ్చు. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల పత్రంలో 24వ అధికరణం సరిగ్గా దీని గురించే. ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక, అప్పుడప్పుడూ జీతంతో సెలవు ఉండాలంటుంది అది. బాగానే ఉంది. జీతమే లేని చాకిరీకి సెలవు ఎవరిస్తారు? ఆ సంగతి అందులో లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ వాళ్ళు మన దేశంలో జనం రోజంతా ఏం చేస్తున్నారో ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీశారు. ఈసారి మనకి 289, వాళ్ళకి 88. ఐదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకి తొమ్మిది తగ్గింది. గ్రైండర్లు, కుక్కర్లు, గ్యాసు బండలు ఎన్ని వచ్చినా మనకీ వాళ్ళకీ మధ్య ఉన్న ఆ రెండు వందల నిమిషాలు మాత్రం కదల్లేదు.

అంకెలు ఇంతటితో ఆపేస్తాను. నేను చెప్పదలచుకున్నది ఒక్క రోజు కథ. మొన్నొక ఆదివారం మా కుటుంబం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చి, పాత పుస్తకాల కొట్లూ, పాత సామాన్ల కొట్లూ తిరిగి, మధ్యాహ్నం కొల్లేరు మీదుగా కైకలూరు వైపు వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరాం. మా ఆయన, మా అత్తగారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, నేను. మా ఆయన ఇవాళ ఇక్కడే వెనక వరసలో కూర్చున్నారు. ఏం చెప్పబోతున్నానో ముందే చెప్పి తీసుకొచ్చాను కాబట్టి మొహమాటం లేదు.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళల్లో ఆడదానికి ఊరు దాటి తిరిగే అవకాశం ఎప్పుడొస్తుంది? పెళ్ళికి, పురుడుకి, చావుకి, దేవుడికి. ద్వారకా తిరుమల వెళ్దామంటే ఎవరూ కాదనరు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్తానంటే అత్తగారే ముందు బయల్దేరతారు. దేవుడి పేరు చెబితే సెలవు దొరుకుతుంది. మొక్కులన్నీ భక్తితోనే మొక్కుతామని అనుకోకండి, ఊపిరి పీల్చుకోవడానికి మొక్కేవి కూడా ఉంటాయి. అలాంటిది, "ఆదివారం ఏలూరు వెళ్ళి పాత పుస్తకాలు చూద్దాం" అని నేనంటే మా ఇంట్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. మా అత్తగారైతే "పాత పుస్తకాలు చూడ్డానికి బస్సెక్కి వెళ్ళాలా, అటక మీద లేవూ?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. అటక సంగతి తర్వాత చెప్తాను.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడు డిసెంబరులో మనకంటే ముందు పెట్టాయి. కండక్టరు మాకు మూడు సున్నా టిక్కెట్లు కొట్టి ఇచ్చాడు. నాకు, మా అత్తగారికి, మా అమ్మాయికి. అబ్బాయికి, మా ఆయనకి డబ్బులు. వెనక సీట్లో ఒకాయన "ఆడాళ్ళంతా ఊరేగడమే పనైపోయింది" అన్నాడు, మేం వినాలనే. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరూ అడగలేదు మరి.

ఆ మూడు టిక్కెట్ల డబ్బు రానూ పోనూ ఎంతవుతుందో నేను ఇంటి దగ్గరే లెక్కేసి పెట్టాను. "ఈ డబ్బు మిగిలింది కాబట్టి దీనితో పుస్తకాలు కొనుక్కుంటాం, ఎవరూ అడ్డు చెప్పకూడదు" అని బస్సులోనే షరతు పెట్టాను. అక్కలారా, ఈ చిన్న విషయం మీరు గట్టిగా పట్టుకోండి. ఉచిత బస్సు వల్ల మిగిలిన డబ్బు ఎవరి జేబులో ఉంటోంది? కూలికి వెళ్ళే మనిషికి నెలకి వందలు మిగులుతున్నాయి. అవి ఆమె చేతిలో ఉంటున్నాయా, లేక ఇంటి ఖర్చుకి ఇచ్చే డబ్బులోంచి అంత మేరా తగ్గించేస్తున్నారా? మా వీధిలో ఒకామెకి ఇలాగే జరిగింది. "బస్సు ఫ్రీ కదా, ఇంక నీకు డబ్బులెందుకు" అన్నాడట. ప్రభుత్వం ఆమెకి ఇచ్చింది, ఇల్లు లాక్కుంది.

ఏలూరులో దిగి పాత బస్టాండు వైపు నడిచాం. పాత పుస్తకాలంటే పెద్ద అంగళ్ళేం ఊహించుకోకండి. విజయవాడ లెనిన్ సెంటరు లాగానో, హైదరాబాదు కోఠీ లాగానో వరసగా కొట్లుండవు. చిన్న ఊళ్ళల్లో ఈ వ్యాపారం చిత్తుకాగితాల కొట్టు అరుగు మీద పుడుతుంది. ఇల్లు మారినప్పుడో, ముసలివాళ్ళు పోయినప్పుడో, పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోయినప్పుడో అటక మీదవన్నీ దింపి, తోపుడుబండి అతన్ని పిలిచి తూకానికి వేసేస్తారు. అతను కొట్లో పోస్తాడు. అక్కడ వడపోత జరుగుతుంది. అమ్ముడుపోయేవి ఒక పక్కకి, పొట్లాలకి పనికొచ్చేవి ఇంకో పక్కకి, మిగిలింది కాగితం మిల్లుకి. డీఎస్సీ గైడ్లు, గ్రూప్స్ పుస్తకాలు, ఇంజనీరింగు పుస్తకాలకి విలువ ఉంది, సగం ధరకి కళ్ళకద్దుకుని కొనుక్కుపోతారు. ఇంగ్లీషు నవలలకి కొంచెం మర్యాద ఉంది, నిలబెట్టి పెడతారు. పాత సోవియట్ పుస్తకాలు, ఆ మాస్కో అచ్చు తెలుగు పిల్లల కథలు, ఇప్పుడు వెతుక్కునేవాళ్ళు ఎక్కువయ్యేసరికి వాటి రేటు కూడా పెంచేశారు.

"తెలుగు నవలలు, పాత వారపత్రికలు ఉన్నాయా?" అని అడిగాను.

"ఆడాళ్ళ పుస్తకాలాండీ? అవి ఆ మూల గోనెసంచుల్లో ఉన్నాయమ్మా. వాటికి రేటేం ఉండదు, కేజీ లెక్క" అన్నాడు కొట్టతను. మంచివాడే, తిట్టాలని అన్న మాట కాదు. వ్యాపారం భాష అది.

మా ఆయన, అబ్బాయి క్రికెట్ పుస్తకాల దగ్గర నిలబడ్డారు. నేనూ, మా అమ్మాయీ ఆ గోనెసంచుల ముందు కూలబడ్డాం. గంటన్నర లేవలేదు. అందులో ఏమున్నాయో చెప్తాను వినండి.

అద్దె లైబ్రరీల రబ్బరు ముద్రలు పడ్డ నవలలు ఉన్నాయి. ముద్ర పక్కనే నంబరు, రోజుకి ఎంతో, ఆలస్యమైతే ఎంతో. "పెళ్ళి సందర్భంగా ప్రేమతో" అని స్నేహితురాళ్ళు రాసిచ్చిన పుస్తకాలు ఉన్నాయి. ఒకదాని మీద ఒక అమ్మాయి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో గుండ్రటి అక్షరాల్లో రాసుకుని ఉంది. దాని మీద ఎవరో గీత కొట్టి కొత్త ఇంటిపేరు రాశారు. ఆ గీత ఆమే కొట్టుకుందో, వేరెవరు కొట్టారో తెలియదు. అన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి కుట్టిన సీరియళ్ళు. మీలో నలభై దాటిన వాళ్ళందరికీ తెలుసు ఈ సంగతి. వారపత్రిక వచ్చాక ఇంట్లో అందరూ చదివేదాకా ఆగి, సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వారం వారం దాచి, అయిపోయాక దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసతోనో జాకెట్టు కుట్టే దారంతోనో కుట్టి, పైన క్యాలెండరు కాగితం అట్ట వేసి, దాని మీద నవల పేరు రాసుకునేవాళ్ళం. కొత్త పుస్తకం కొనే డబ్బు చేతిలో ఉండేది కాదు కదా. ఇంట్లో వచ్చే పత్రిక మాత్రం ఉంది. దానితోనే ఒక లైబ్రరీ తయారుచేసుకున్నారు మన అమ్మలు, పిన్నులు.

అట్ట లోపలి వైపు పాల పద్దు. చాకలి పద్దు. మార్జిన్లలో చుక్కల ముగ్గులు. ఒక చోట పెన్సిలుతో "ఇది అన్యాయం" అని కథ పక్కన రాసి ఉంది. కథలో భర్త భార్యని ఇంట్లోంచి పొమ్మనే ఘట్టం అది. ఎవరు రాశారో! తన ఇంట్లో ఆ మాట పైకి అనగలిగిందో లేదో! మా అమ్మాయి దాన్ని ఫోనులో ఫొటో తీసుకుంది.

ఈ పుస్తకాల్ని "ఆడాళ్ళ పుస్తకాలు" అని మూలకి తోయడం ఆ కొట్టతనితో మొదలవలేదు. 1960ల నుంచి 80ల దాకా తెలుగు వారపత్రికల్ని, నవలల మార్కెట్టుని నిలబెట్టింది రచయిత్రులే. మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేదాకా వచ్చింది ఆ రోజుల్లో. అయినా సాహిత్య సభల్లో వాటిని వంటింటి సాహిత్యమని, కాలక్షేపమని నవ్వారు. వాటిల్లో కలల రాకుమారులూ, కార్లూ ఉన్నాయి, నేను కాదనను. కొన్ని చదివితే ఇప్పుడు నాకే విసుగొస్తుంది. కానీ అవే పేజీల్లో రంగనాయకమ్మ గారి నవలలూ వచ్చాయి కదా! ఆవిడ మా గూడెం దగ్గర బొమ్మిడిలో పుట్టారు. తాడేపల్లిగూడెం హైస్కూల్లో 1955లో ఎస్సెస్సెల్సీ పాసయ్యారు. పై చదువులకి పంపే స్తోమత ఇంట్లో లేక చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా, రాసిందంతా కాలేజీ గడప తొక్కకుండానే. సొంతంగా అచ్చు వేసుకుని, లావుపాటి పుస్తకాలు కూడా మామూలు మనుషులు కొనగలిగే ధరకే అమ్ముతూ వచ్చారు. పుస్తకం ధర ఎందుకు తక్కువ ఉండాలో కాలేజీకి డబ్బుల్లేక చదువాగిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ పుస్తకం ఒకటి ఆ సంచిలో దొరికింది, వెన్ను ఊడిపోయి.

ఇక ఏలూరు వాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇక్కడ చాలామందికి తెలియదని నా అనుమానం. 1902లో సత్తిరాజు సీతారామయ్య గారు ఈ ఊళ్ళోనే 'హిందూ సుందరి' అని స్త్రీల మాసపత్రిక ప్రారంభించారు. మొసలికంటి రామాబాయమ్మ గారు, వెంపలి శాంతాబాయమ్మ గారు దానికి సంపాదకులుగా పనిచేశారు. ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పితే సంసారాలు చెడిపోతాయని వాదించే రోజుల్లో ఆడవాళ్ళు సంపాదకులుగా ఉన్న పత్రిక ఇది. ఆ ఏడాదే భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' కథ ఇందులో వచ్చింది. అచ్చమాంబ గారు బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. 1901లోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. 1905లో ముప్ఫై ఏళ్ళు దాటగానే పోయారు.

తెలుగులో మొదటి ఆధునిక కథ ఏది అంటే గురజాడ గారి 'దిద్దుబాటు', 1910 అని మనకి బళ్ళో చెప్పారు. చాలా ఏళ్ళు పరీక్షల్లో అదే రాశాం. అంతకి ఎనిమిదేళ్ళ ముందే అచ్చమాంబ గారి కథ ఉందని పరిశోధకులు పాత సంచికలు బయటికి తీసి చూపించాక గానీ వాదన మొదలవలేదు. ఇప్పటికీ కొందరు ఒప్పుకోరు, అది వేరే సంగతి. నేను మీ ముందు పెడుతున్నది ఇంతే: ఆ సంచిక ఎక్కడో ఒక అటక మీద, ఒక గ్రంథాలయం బీరువాలో మిగిలింది కాబట్టి ఆవిడ పేరు మిగిలింది. అన్ని ప్రతులూ తూకానికి పోయి ఉంటే? ఏలూరులో అచ్చైన ఆడవాళ్ళ పత్రిక ఏలూరు చిత్తుకాగితాల కొట్లలోంచే పకోడీ పొట్లాలై పోయుంటుంది, కొంత భాగమైనా. ఆ పొట్లం విప్పి, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుని చదివిన ఆడపిల్ల ఎవరైనా ఉండే ఉంటుంది. మా అమ్మ అలాగే చదువు నిలబెట్టుకుంది. మూడో తరగతిలో బడి మాన్పించాక ఆవిడకి దొరికిన పుస్తకాలు బెల్లం పొట్లాలే.

ఆ సంచుల్లోంచి పదకొండు ఏరుకున్నాం. తూకం వేశాడు. రెండు వందలు కూడా కాలేదు. అప్పుడు మా ఆయన "ఇంత చెత్త ఇంటికి మోసుకెళ్ళి ఎక్కడ పెడతావు?" అన్నారు. అబ్బాయికి కొన్న బ్యాటు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మాత్రం రాలేదు. (ఆయన ఇప్పుడు నవ్వుతున్నారు, చూడండి.)

అక్కడినుంచి పాత ఇత్తడి, రాగి సామాన్ల కొట్టుకి వెళ్ళాం. మా అత్తగారికి పాత సామాన్లంటే ఇష్టం. ఏలూరుకి పేరు తెచ్చిన తివాచీల కొట్టు కూడా ఒకటి చూశాం గానీ ధరలు విని బయటికి వచ్చేశాం. ఇత్తడి కొట్లో మాత్రం ఆవిడ చాలాసేపు నిలబడిపోయారు. గంగాళాలు, బిందెలు, మరచెంబులు, కావిడి పెట్టెల తాళాలు, రోకలి పొన్నులు, కుంకుమ భరిణెలు, పిల్లలకి పాలు పట్టే ఉగ్గుగిన్నెలు. గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు మనకుంది కదా. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి పేర్లు చదువుతున్నారు. ఫలానా అమ్మాయికి మేనమామ పెట్టినది. ఫలానా ఆవిడకి సారె. కింద సంవత్సరం. "ఇవి అమ్మింది ఆ ఆడాళ్ళయి ఉండరే అమ్మాయ్" అన్నారు నాతో మెల్లిగా. తన బిందెలు రెండు, ఎప్పుడో మా మామగారు బతికుండగా, ఆవిడ పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి అమ్మేశారట. నలభై ఏళ్ళ కాపురంలో నాతో ఎన్నడూ అనని మాట అది. పుస్తకాల కోసం బయల్దేరకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. పెళ్ళికి ముందు గానీ, పెళ్ళిలో గానీ, తర్వాత గానీ పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, బంధువులు, స్నేహితులు ఆడపిల్లకి ఇచ్చినదంతా స్త్రీధనం. అది ఆమె సొంతం. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. భార్య సొత్తు భర్త దగ్గర ఉందంటే అది అతనికి అప్పగించిన సొత్తే తప్ప ఉమ్మడి సొత్తు అయిపోదని, తిరిగి ఇవ్వకపోతే నేరమని చెప్పింది. 2024 ఏప్రిల్‌లో మాయా గోపీనాథన్ కేసులో మళ్ళీ అదే కోర్టు, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత భర్తకుందని చెప్పింది. కోర్టుల్లో ఈ కేసులన్నీ బంగారం మీద నడుస్తాయి. బిందెల మీద ఎవరూ నడపరు. కానీ సూత్రం ఒకటే. మీ స్నేహితురాలు "పెళ్ళి సందర్భంగా ప్రేమతో" అని రాసి ఇచ్చిన నవల కూడా స్త్రీధనమే! మిమ్మల్ని అడక్కుండా దాన్ని తూకానికి వెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు. నవలకి కేసు వెయ్యమని నేను చెప్పను. అటక దింపే రోజున ఈ మాట గట్టిగా అనండి చాలు. "ఇది నాది, నన్నడిగి తియ్యండి" అనండి.

అత్తగారు అటక అన్నారని చెప్పాను కదా. ఆవిడ అటక మీద ఒక రేకు పెట్టెలో పద్నాలుగు కుట్టిన సీరియళ్ళు ఉన్నాయట. ఆ రాత్రి ఇంటికి వచ్చాక దింపి చూపించారు.

మధ్యాహ్నం భోజనం సంగతి. నేను నాలుగింటికి లేచి పులిహోర, పెరుగన్నం కట్టాను. ఇదీ మన ఇళ్ళల్లో విహారయాత్ర. అందరూ ఏడింటికి లేచి యాత్రకి వెళ్తారు, ఇల్లాలు నాలుగింటికే పొయ్యి దగ్గరికి వెళ్తుంది. సాయంత్రం అందరూ అలసిపోయి పడుకుంటారు, ఆమె గిన్నెలు కడుగుతుంది. ఇంకో బాధ, చెప్పుకోవడానికి సిగ్గుపడతాం గానీ చెప్పుకోవాలి. పొద్దుట్నుంచి మేం ముగ్గురు ఆడవాళ్ళం నీళ్ళు తాగలేదు. ఎందుకో మీకు తెలుసు. బజార్లో మగవాడికి గోడ ఉంది. ఒక కొట్టతని భార్య దయతలచి వాళ్ళింట్లోకి రమ్మంది కాబట్టి గట్టెక్కాం. ఆడవాళ్ళు పుస్తకాల కొట్లకి రారు, వాళ్ళకి చదువు మీద ఆసక్తి లేదు అనేవాళ్ళు ఈ విషయం ఒకసారి ఆలోచించాలి.

గ్రంథాలయం ఒకటి దారిలో కనబడితే లోపలికి వెళ్ళాం. కుర్చీలన్నీ పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళతో నిండి ఉన్నాయి. చదువుకోనివ్వండి, మంచిదే. ఆడవాళ్ళకని రాసి ఉన్న బల్ల మీద పాత రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. అక్కలారా, మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి చట్టం కింద రూపాయి పన్నుకి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేస్తారు. ఆ డబ్బుతో నడిచే బల్ల అది. దాన్ని ఖాళీ చేయించమని అడగడం దయ అడగడం కింద రాదు. ఇక్కడినుంచి వెళ్ళాక మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆడవాళ్ళ బల్ల ఏ స్థితిలో ఉందో, మరుగుదొడ్డి ఉందో లేదో, ఉంటే తాళం ఎవరి దగ్గరుందో చూసి రాసి పంపండి.

రెండు గంటలకి కైకలూరు బస్సెక్కాం. పిల్లలు ఆటపాక గూడకొంగల్ని చూడాలన్నారు. ఏలూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు మొదలవుతాయి. కొల్లేరు ఏదో, చెరువు ఏదో తేడా తెలియదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పగలగొట్టారు. ఆ కథంతా ఇప్పుడు చెప్పను. చెప్పాల్సింది బస్సులో మా పక్కన కూర్చున్న ఆవిడ గురించి. లంక గ్రామం ఆవిడది. ఏలూరులో చేపలమ్ముకుని ఖాళీ గిన్నెతో తిరిగి వెళ్తోంది. మా సంచిలో పుస్తకాలు చూసి "ఎంతకి కొన్నావమ్మా?" అని అడిగింది. చెప్పాను.

"కేజీ లెక్కనా! మా పిల్ల నర్సు చదువుతానంటంది. పుస్తకాలు వేలల్లో చెప్తన్నారు. పాతవి దొరుకుతాయా ఆ కొట్లో?" అంది.

"దొరుకుతాయి అక్కా. అవి కేజీ లెక్కన ఇవ్వరు, సగం ధర పడుతుంది" అన్నాను.

"సగమన్నా పర్లేదు. ఏ పుస్తకమో నాకు తెలీదు. అక్షరం ముక్క రాదు. వాడేదో అంటగడితే తెచ్చేసుకుంటాను" అని నవ్వింది. ఆవిడ మూడేళ్ళుగా వారానికి నాలుగు రోజులు ఏలూరు వస్తోంది. ఆ కొట్టు ముందునుంచే నడిచి వెళ్తోంది. లోపలికి వెళ్ళి అడగాలంటే భయం.

ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాలంటే రోజూ ఈ రోడ్డు మీదే బస్సెక్కాలి. వర్షాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తోసుకొస్తే చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగిపోతుంది. 2024 సెప్టెంబరులో అదే జరిగింది, రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డు మునిగితే మగపిల్లాడు ఏదో తిప్పలు పడి, ఊళ్ళో ఎవరింట్లోనో ఉండి చదువుకుంటాడు. ఆడపిల్లని "ఈ ఏడుకి మానెయ్" అంటారు. ఆ ఏడు దాటితే సంబంధాలు చూస్తారు. ఉచిత బస్సు బస్సు నడిచినన్ని రోజులే ఉచితం.

1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారూ, ఆయన మిత్రులూ కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి గ్రంథాలయం నడిపారు. ప్రయాణికులు చదువుకునేవాళ్ళు, కాలువ గట్టు ఊళ్ళవాళ్ళు పుస్తకాలు తీసుకునేవాళ్ళు. కాలువ ఉంది, పడవ ఉంది, పుస్తకం ఎందుకు ప్రయాణం చెయ్యకూడదు అనుకున్నారు, చేశారు. కొల్లేరు లంకల్లో ఇవాళ కూడా పడవలున్నాయి. ఐస్ పెట్టెలు వెళ్తున్నాయి, చేపల మేత బస్తాలు వెళ్తున్నాయి, సారా ప్యాకెట్లు కూడా ఒకప్పుడు ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళాయి. నర్సు చదువు పుస్తకాలు వెళ్ళడానికే దారి లేదంటే ఎలా నమ్మడం?

గూడకొంగల్ని చూశాం. బాగున్నాయి. పిల్లలు సంతోషపడ్డారు. తిరుగు బస్సు ఆలస్యమైంది, ఆకివీడు మీదుగా గూడెం చేరేసరికి పదైంది. గిన్నెలు ఆ రాత్రి మా అబ్బాయి కడిగాడు. అదేం గొప్పని నేను చెప్పట్లేదు, బస్సులో చేసుకున్న షరతుల్లో రెండోది అది.

ఇప్పుడు మీతో పని. మనం మూడు పనులు మొదలుపెడుతున్నాం. మీ ఇళ్ళల్లో, మీ అమ్మలు, అత్తల ఇళ్ళల్లో కుట్టిన సీరియళ్ళు, పాత స్త్రీల పత్రికలు ఉంటే తూకానికి వెయ్యకండి, వచ్చే సమావేశానికి పట్టుకు రండి. ఎవరు కుట్టారో, ఏ ఊళ్ళో, ఎప్పుడో అడిగి ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. కుట్టినావిడ బతికుంటే ఆవిడతోనే చెప్పించి రాయండి. మనం వాటిని ఒక బీరువాలో పెడతాం, తర్వాత స్కాన్ చేయించే సంగతి చూద్దాం. రెండోది, ఏటా జూన్ నెలలో లంక గ్రామాల ఆడపిల్లల కోసం పాత కాలేజీ పుస్తకాల జాబితా తయారుచేసి, చదువు తెలిసిన ఇద్దరు సభ్యులు ఆ తల్లులతో పాటు కొట్టుకి వెళ్ళాలి. బేరం వాళ్ళకే బాగా వచ్చు, పుస్తకం పేరు చదివిపెట్టడం మన పని. ఆ బస్సులో ఆవిడ మొదటి పేరు ఇచ్చింది.

మూడోది జనవరిలో. విజయవాడలో 1989 నుంచి పుస్తకాల పండగ జరుగుతోంది. ఈసారి మనం ఒక రోజు అందరం కలిసి వెళ్దాం. పొద్దున్న ఆరున్నరకి కొత్త బస్టాండు దగ్గర కలవాలి. అన్నం కట్టుకు రావడం వద్దు, అక్కడే తిందాం. ఇంట్లోవాళ్ళకి వండిపెట్టి రావడం కూడా వద్దు. వస్తామనుకునేవాళ్ళు పేర్లు ఇప్పుడే ఈ పుస్తకంలో రాయండి. పేరు పక్కన, ఆ రోజు మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారో కూడా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంచిన వాళ్ళింటికి మేం ముందుగా వచ్చి మాట్లాడతాం.